సినిమా రాత్రికి ఫడ్జా, చెనిక్కాయ చెక్కా?

సంక్రాంతి సెలవులకు పిల్లలంతా అనంతపురంలో మా ఇంట్లో చేరితే రాత్రికి టీవీలో సినిమా ఖాయం. తీపి ఏం చేయాలన్నదే ప్రతిసారీ పేచీ: చాక్లెట్, పాలతో చేసే మెత్తటి ఫడ్జ్ ముక్కలా, మన చెనిక్కాయ చెక్కా (అదే, పల్లీ చిక్కీ)?

ఖర్చు: ఫడ్జ్‌కి 400 గ్రాముల కండెన్స్‌డ్ మిల్క్ డబ్బా, దాదాపు అంతే చాక్లెట్, 2 చెంచాల వెన్న. చెక్కకు చెనిక్కాయ విత్తనాలు, బెల్లం చాలు. మన జిల్లాలో వాటికి కరువా!

పని: ఫడ్జ్ సన్న సెగ మీద 10 నిమిషాల్లో అయిపోతుంది, కానీ ఫ్రిజ్‌లో 3 గంటలు గట్టిపడాలి. చెక్కకు విత్తనాలు వేయించి పొట్టు చెరగాలి.

రిస్క్: చెక్కకు పాకమే ప్రాణం. నీళ్లలో వేసిన చుక్క టప్పున విరగాలి. ముదిరితే చేదు, లేతైతే పళ్లకు అంటుకుంటుంది. పోయినేడు నాది లేతయింది. సినిమా అయ్యేదాకా ఎవరూ నోరు మెదపలేదు! ఫడ్జ్‌లో టెన్షన్ ఒకటే, సెగ ఎక్కువైతే చాక్లెట్ గడ్డకడుతుంది.

సరదా: ఫడ్జ్‌ని సినిమా టికెట్లలా కోసి పైన జెమ్స్ అద్దొచ్చు. చెక్కను వేడి మీదే గబగబా కోయాలి, ఆకారాల ఊసెత్తొద్దు.

పిల్లలే చేస్తామంటే ఫడ్జ్. ఊరెళ్లేవాళ్లకు డబ్బాలో పెట్టివ్వాలన్నా, కరెంటు పోయే ఎండాకాలం సెలవులైనా చెక్కే.