కరెంటు ఆగినా చక్రం తిరగాలి: సైకిల్‌కి రెండు హబ్ మోటార్లు, నాలుగేళ్ల వాడకం

మాది ఒడిశాలోని పర్లాకిమిడికి పదకొండు కిలోమీటర్ల దూరంలో, కొండల కింద ఒక పల్లె. నాలుగు గేదెలున్నాయి. రోజూ పొద్దున్నే ఇరవై లీటర్ల పాలు రెండు క్యాన్లలో పోసి, క్యారియర్‌కి అటొకటి ఇటొకటి తగిలించుకుని టౌనులో నలభై ఇళ్లకు పోసి వస్తాను. మోకాళ్లు మొరాయించాక సైకిల్‌కి మోటారు పెట్టించాను. చక్రం మధ్యలో, ఇరుసు చుట్టూ ఉండే హబ్ మోటారు అది. మొదటి ఏడాదిన్నర గేర్లు లేనిది వాడాను. తర్వాత రెండున్నరేళ్ల నుంచి గేర్లున్నది వాడుతున్నాను. రెండూ 36 వోల్టులు, 250 వాట్లు, రెండూ వెనక చక్రానికే. మిగతా వివరాలు ఎక్కడైనా దొరుకుతాయి.

ఒక్క సంగతి మాత్రం కొనే ముందు చూసుకోండి. పాత నల్ల సైకిళ్లకు ముందు రిమ్ముకి 32, వెనక రిమ్ముకి 40 చువ్వలు ఉంటాయి. మోటారుకి ఉండేవి 36 కన్నాలు. నాన్న వాడిన సైకిలుకే బిగిద్దామని ఎంతో ఆశపడ్డాను గానీ కుదరలేదు. 26 అంగుళాల చక్రాల సైకిలు వేరేది కొనాల్సి వచ్చింది.

గేర్లు లేని మోటారుని మొదట్లో నేను తెగ మెచ్చుకున్నాను. అసలు చప్పుడే ఉండదు. తెల్లవారుజామున నాలుగున్నరకి ఊళ్లోంచి వెళ్తుంటే ఒక్క కుక్క కూడా లేచేది కాదు. పైగా బ్రేకు పడితే బ్యాటరీకి తిరిగి చార్జి ఎక్కుతుంది. ఈ మాట టీ కొట్టు దగ్గర పదిమందికి చెప్పి ఇద్దరి చేత కొనిపించాను కూడా. ఇంజినీరింగ్ చదివే మా అక్క కొడుకు ఒకరోజు కాగితం తీసుకుని లెక్క కట్టాడు. నేను, పాలు, సైకిలు కలిపి 120 కిలోలు. 25 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆగితే వచ్చేది 0.8 వాట్-అవర్ (వెయ్యి వాట్-అవర్లు కలిస్తే ఒక యూనిట్ కరెంటు). ముప్పై మీటర్ల ఎత్తు దిగితే పది వాట్-అవర్లకు లోపే, అందులోనూ బ్యాటరీ దాకా చేరేది కొంతే. నా బ్యాటరీ 360 వాట్-అవర్లది, అంటే అలా తిరిగి ఎక్కేది లెక్కలోకే రాదు. వాడి లెక్కలో తప్పు లేదు. ఆ ఇద్దరికీ మళ్లీ వెళ్లి చెప్పి వచ్చాను.

అసలు ఇబ్బంది వేరే ఉంది. ఈ రకం మోటారులో అయస్కాంతాలు చక్రంతో పాటే తిరుగుతాయి, వైండింగు ఇరుసు మీద ఉంటుంది. మధ్యలో క్లచ్ లేదు. అందుకని కరెంటు లేకుండా తొక్కితే ఎవరో క్యారియర్ పట్టుకుని వెనక్కి లాగుతున్నట్టే ఉంటుంది. మా దారిలో ఒక మిట్ట ఉంది. అక్కడ వేగం ఎనిమిదికి, తొమ్మిదికి పడిపోతే ఆ మోటారు కరెంటు తాగి వేడెక్కేదే తప్ప లాగేది కాదు. పైకి చేరాక దాని మీద చెయ్యి పెట్టలేకపోయేవాణ్ణి. అయినా అలవాటు పడి సర్దుకుపోయాను.

ఆ శ్రావణంలో ఒకరోజు తెల్లారకముందే జోరువాన. మిట్ట దిగి, బ్రేకు పట్టి, మళ్లీ యాక్సిలరేటర్ తిప్పాను. వెనక టక్‌మని చప్పుడైంది. సైకిలు ముక్కుతూ ముక్కుతూ పది అడుగులు పోయి ఆగిపోయింది. టార్చి వేసి చూస్తే ఇరుసు ఫ్రేము గాడిలోనే గుండ్రంగా తిరిగిపోయింది. ఇరుసు మధ్యలోంచి వచ్చే తీగలు మెలిపడి, పై తొడుగు చినిగి, మోటారుకి కరెంటు తెచ్చే మూడు లావు తీగలూ ఒకదానికొకటి అంటుకున్నాయి.

ఆ మూడూ కలిసిపోతే ఏమవుతుందో ఆ రోజే తెలిసింది. చక్రం తిరిగితే మోటారులో కరెంటు పుడుతుంది. ఆ కరెంటు బయటికి పోయే దారి లేక అక్కడే చుట్టు తిరిగి చక్రాన్నే అడ్డుకుంటుంది. ఎంత గట్టిగా తోస్తే అంత గట్టిగా ఆపుతుంది. మోటారుకి కరెంటు పంపే పెట్టె, అదే కంట్రోలరు, దాని కనెక్టరు ఊడదీశాను, ఏమీ లాభం లేదు. తీగలు కలిసింది కనెక్టరుకి ఇవతల, మోటారు వైపు. ఇరవై లీటర్ల పాలతో, వానలో, ఇంకా ఆరు కిలోమీటర్లు ఉండగా, తొక్కలేను, తొయ్యలేను. వెనక చక్రం ఎత్తి పట్టుకుని కొంత దూరం నడిచాను. చివరికి గడ్డి వేసుకుపోతున్న ఆటో ఒకటి ఆగి క్యాన్లు ఎక్కించుకుంది.

ఆరింటికి పోయాల్సిన పాలు తొమ్మిది దాటాక పోశాను. కోట వైపు వీధిలో మొదటి ఇంటి పెద్దావిడ గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఇప్పుడా బావూ రావడం? పాప ఏడ్చి ఏడ్చి పడుకుంది" అంది. తిట్టి ఉంటే బాగుండేది. మధ్యాహ్నానికల్లా పాలు విరిగిపోయాయని ఏడు ఇళ్ల నుంచి ఫోన్లు. పన్నెండేళ్లలో నాకు ఎప్పుడూ అలా జరగలేదు.

మిస్త్రీ ఒడియా ఆయన, మాటకు ముందు చక్రం చూస్తాడు. "టార్క్ ఆర్మ్ లేకుండా ఎలా బిగించావు భైనా?" అన్నాడు. ఇరుసు తిరక్కుండా ఫ్రేముకి పట్టి ఉంచే ఇనప పట్టీ అది. నిజమే, నేను మామూలు నట్లు, వాషర్లతోనే బిగించాను. మోటారు ముందుకు లాగేటప్పుడు ఇరుసు ఒకవైపు తిరగాలని చూస్తుంది, బ్రేకుతో చార్జి ఎక్కేటప్పుడు రెండోవైపు. రోజూ అటూ ఇటూ ఊగి నట్లు వదులయ్యాయి. నేను అంత మెచ్చుకున్న ఆ బ్రేకు చార్జింగే నట్లను వదులు చేసింది. కాబట్టి తప్పంతా మోటారు మీద వెయ్యను, బిగింపులో నా తప్పు ఉంది. కానీ మోటారు పాడైతే సైకిలు కూడా కదలకపోవడం మాత్రం ఇప్పటికీ మింగుడు పడదు.

గేర్ల మోటారు బిగించిన రోజు స్టాండు వేసి, కరెంటు కట్టేసి, చక్రాన్ని చేత్తో తిప్పాను. గిర్రున తిరిగింది, ఆపకపోతే తిరుగుతూనే ఉంది. ఆ సంతోషం ఇంకా తగ్గలేదు. లోపల చిన్న మోటారు వేగంగా తిరుగుతుంది, నైలాన్ గేర్లు ఆ వేగాన్ని నాలుగైదు రెట్లు తగ్గించి చక్రానికి బలంగా ఇస్తాయి. మధ్యలో ఉన్న క్లచ్ ముందుకు నెట్టేటప్పుడే పట్టుకుంటుంది, కరెంటు ఆగగానే వదిలేస్తుంది. లోపల మోటారు బిగుసుకుపోయినా చక్రం ముందుకు దొర్లుతుంది. గాలివాన వస్తే మా ఊళ్లో రాత్రంతా కరెంటు ఉండదు, చార్జి ఎక్కదు. అలాంటి పొద్దున కూడా మామూలు సైకిల్‌లా తొక్కుకుంటూ వెళ్లి పాలు పోసి వస్తున్నాను. మిట్ట మీద పన్నెండు వేగంతో ఎక్కుతుంది. బరువు కూడా పాతదాంట్లో సగమే.

దీనికీ లోపాలున్నాయి. సన్నగా కూత పెడుతుంది, ఇప్పుడు కుక్కలు లేస్తున్నాయి. బ్రేకు చార్జింగు లేదు కాబట్టి బ్రేకు రబ్బర్లు తొందరగా అరుగుతున్నాయి. పద్నాలుగో నెలలో మిట్ట మధ్యలో కరకరమని, మోటారు తిరుగుతోంది గానీ లాగడం మానేసింది. విప్పితే ఒక నైలాన్ గేరుకి పళ్లు ఊడిపోయి ఉన్నాయి. ఇక్కడ ఆ గేర్లు దొరకవు, తెప్పిస్తే తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ తొక్కుకుంటూనే వెళ్లాను. అరగంట ఆలస్యమైంది, మోకాళ్లు నొప్పులు పెట్టాయి, కానీ ఒక్క ఇంట్లోనూ పాలు విరగలేదు. అప్పటి నుంచి బండి కదిలేటప్పుడు ముందు రెండు తొక్కులు తొక్కి, ఆ తర్వాతే యాక్సిలరేటర్ తిప్పుతున్నాను. బరువుతో ఆగిన చోట నుంచి ఒక్కసారిగా తిప్పితే ఆ పళ్ల మీదే భారమంతా పడుతుంది.

వెయ్యి వాట్లది వేసుకోమనేవాళ్లు ఉన్నారు. 250 వాట్లు, 25 వేగం లోపు అయితే రిజిస్ట్రేషన్, లైసెన్సు గొడవ లేదు. పాలు మిగిలిన రోజు సరిహద్దు దాటి ఆంధ్రాలోని పాతపట్నం కూడా పోతాను. నాకు ఆ నిశ్చింత చాలు.

మా తమ్ముడు బరంపురంలో ఉంటాడు. అక్కడ తిరిగేదంతా చదును రోడ్డు, మోసుకెళ్లేది టిఫిన్ డబ్బా ఒక్కటే. నా పాత మోటారుకి తీగలు మార్పించి, రెండు వైపులా టార్క్ ఆర్ములు వేసి వాడికి ఇచ్చేశాను. రెండేళ్లుగా విప్పే పని పడలేదు, దాని నిశ్శబ్దమంటే వాడికి ప్రాణం. మీ దారి అలాంటిదైతే వాడి మాట వినండి. బరువు, మిట్ట, కరెంటు కోతలు ఉన్న నాలాంటి వాళ్లయితే గేర్లదే చూడండి. ఏది తీసుకున్నా టార్క్ ఆర్మ్ లేకుండా మాత్రం రోడ్డెక్కకండి.

ఈ వానలకు ముందు కవరు విప్పి గ్రీజు మార్చాను. రెండో సెట్టు గేర్ల పళ్లు కూడా ఒక పక్క అరగడం మొదలైంది. ఇంకో సెట్టు ముందే తెప్పించి పాల లెక్కల పుస్తకం ఉండే డబ్బాలో పెట్టాను.