వోల్టేజీ దించాలా, వేగానికి హద్దు పెట్టాలా: ఫోన్ బ్యాటరీకి ఏది మేలు?

ప్రాసెసర్ పనిలో ఉన్నప్పుడు ఖర్చయ్యే విద్యుత్తులో పెద్ద భాగం వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీని దానితోనే హెచ్చిస్తే వచ్చేది), ఫ్రీక్వెన్సీని, అంటే ప్రాసెసర్ వేగాన్ని బట్టి ఉంటుంది. 1000 మిల్లీవోల్టులను 950కి దించితే 0.95 × 0.95 = 0.9025. వేగం చెక్కుచెదరకుండానే ఆ భాగంలో దాదాపు 10 శాతం మిగులుతుంది. వోల్టేజీ దించడంలో ఉన్న ఆకర్షణంతా ఇదే. కానీ మిగిలేది ప్రాసెసర్ వాటాలోనే. ఫోన్ మొత్తం ఖర్చులో ఆ వాటా 30 శాతం అనుకుంటే, చేతికొచ్చేది 3 శాతం లోపే. స్క్రీన్, మోడెమ్ (నెట్‌వర్క్‌తో మాట్లాడే భాగం) ఖర్చు అలాగే ఉంటుంది.

వేగానికి హద్దు పెట్టడం చూడటానికి మోటు పద్ధతి. లెక్క వేస్తే మాత్రం గట్టిది. ప్రతి ఫ్రీక్వెన్సీ మెట్టుకూ తయారీదారు ఒక వోల్టేజీ జత చేసి ఉంచుతారు. పై మెట్లకు వెళ్లేకొద్దీ అది బాగా పెరుగుతుంది. ఉదాహరణకు 2.4 గిగాహెర్ట్జ్‌కు 1000, 1.8కి 850 మిల్లీవోల్టులు ఉన్నాయనుకుందాం. 1.8 దగ్గర ఆపితే వోల్టేజీ దానంతటదే దిగుతుంది, ఖర్చు 54 శాతానికి పడిపోతుంది. పని మూడో వంతు ఎక్కువసేపు పడుతుంది కాబట్టి ఒక్కో పనికి అయ్యే శక్తి 72 శాతం. ఆ అదనపు సమయంలో స్క్రీన్ వెలుగుతూనే ఉంటుందన్నది మరచిపోకూడదు. అందుకే హద్దును మరీ కిందికి లాగితే అసలుకే మోసం.

కష్టం విషయంలో రెంటికీ పోలికే లేదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో రెంటికీ రూట్ (సిస్టమ్ ఫైళ్లను మార్చగల పూర్తి అధికారం) కావాలి. దానికోసం బూట్‌లోడర్‌ను (ఫోన్ ఆన్ కాగానే సిస్టమ్‌ను లేపే ప్రోగ్రామ్) అన్‌లాక్ చేస్తే డేటా మొత్తం చెరిగిపోతుంది, కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు. హద్దుకు స్కేలింగ్ మ్యాక్స్ ఫ్రీక్ (scaling_max_freq) అనే సిస్టమ్ ఫైల్‌లో కిలోహెర్ట్జ్ విలువ రాస్తే చాలు. ఆ విలువ అందుబాటు ఫ్రీక్వెన్సీల జాబితాలోదే అయితే మేలు. తేడా వస్తే రీబూట్‌తో పాత విలువ తిరిగొస్తుంది.

వోల్టేజీ దించాలంటే ఏ మెట్టుకు ఎంత వోల్టేజీ అని చెప్పే పట్టికను మార్చనిచ్చే కస్టమ్ కెర్నల్ (తయారీదారు ఇచ్చినదాని బదులు వేసుకునే సిస్టమ్ కేంద్ర భాగం) ఉండాలి. ముందు బూట్ ఇమేజ్‌ను (పాత కెర్నల్ ఉన్న ఫైల్) కంప్యూటర్‌లో దాచుకోండి. ఒక్కో మెట్టుకు 12.5 లేదా 25 మిల్లీవోల్టుల చొప్పున దించండి. దించిన ప్రతిసారీ అరగంట భారీ పరీక్ష నడపండి, ఆపై రాత్రంతా ఫోన్‌ను ఊరికే వదిలేయండి. భారీ పరీక్ష నెగ్గిన ఫోన్ కూడా, స్క్రీన్ ఆపాక కింది మెట్ల దగ్గర వోల్టేజీ చాలక స్తంభించవచ్చు. కనీసం రెండు మూడు రోజులు నిలకడగా నడిచేదాకా 'బూట్ సమయంలో అమలు' ఆప్షన్ ముట్టుకోవద్దు. ముట్టుకుంటే ఫోన్ పూర్తిగా ఆన్ కాకుండా మళ్లీ మళ్లీ రీబూట్ అయ్యే బూట్‌లూప్‌లో పడవచ్చు. ఒకే మోడల్ అయినా చిప్ చిప్‌కీ ఓర్పు వేరు, కాబట్టి ఇంకొకరి అంకెలు మీ ఫోన్‌కు పనికిరావు. అన్నిటికన్నా భయపడాల్సింది రీబూట్ కాకుండా దొర్లే తప్పుడు లెక్కలకు. ఫైళ్లు, డేటాబేస్‌లు చప్పుడు లేకుండా పాడవుతాయి.

వోల్టేజీ పట్టిక తెరిచి ఉన్న పాత ఫోన్‌లో, డేటా బ్యాకప్ ఉంటే, 25 నుంచి 50 మిల్లీవోల్టులు దించి చూడటం సబబే. కొత్త చిప్‌లలో చాలావాటిలో హార్డ్‌వేరే చిప్ నాణ్యత, వేడి చూసుకుని వోల్టేజీని సర్దుతుంది, దించడానికి మిగిలేది కొంచెమే. అలాంటి ఫోన్‌కు నా ఓటు హద్దుకే, అదీ పెద్ద కోర్లకు (ప్రాసెసర్‌లో భారీ పనులు చేసే వేగవంతమైన భాగాలు) మాత్రమే, పై రెండు మూడు మెట్లు కోసేసి. రూట్ వద్దనుకుంటే బ్యాటరీ సేవర్ మోడ్ ఉంది, కొన్ని ఫోన్లలో అది ప్రాసెసర్ వేగాన్నీ తగ్గిస్తుంది. జేబులో ఉండగానే బ్యాటరీ కరిగిపోతుంటే మాత్రం ఈ రెండూ పెద్దగా అక్కరకు రావు. ఫోన్‌ను నిద్రపోనివ్వని యాప్ ఏదో బ్యాటరీ వాడకం పేజీలో వెతకండి.