గోపాలపూర్‌లో డిటెక్టర్‌తో నాలుగు రోజులు: గది కంటే ఒడ్డు మీద మనిషి ముఖ్యం

ఒడిశాలోని గోపాలపూర్ సముద్రంలో, ఇసుకలో పడిపోయిన ఉంగరాలూ నాణేలూ వెతకడానికి మెటల్ డిటెక్టర్‌తో దిగాలనుకునేవాళ్లు ముందు లాడ్జి చూసుకుంటారు, తర్వాత మిషన్ సెట్టింగుల గురించి ఆరా తీస్తారు. ఒడ్డు మీద ఎవరుంటారన్న ఆలోచన ఆఖరికి గానీ రాదు. ఈ వరస తిరగబడాలి. ఒడ్డున నిలబడి మమ్మల్ని కనిపెట్టుకోవడానికి రోజుకు 700 చొప్పున ఒక ముసలి జాలారికి ఇచ్చిన డబ్బుకు పూర్తి విలువ దక్కింది. రాత్రికి 1,600 పెట్టిన ‘సీ వ్యూ’ గది మాత్రం నిలువునా ముంచింది.

సంక్రాంతి వెళ్లాక ముగ్గురం విశాఖలో రైలెక్కాం. బరంపురం దాకా చెప్పుకోవడానికి ఏమీ లేదు. స్టేషను నుంచి గోపాలపూర్ సుమారు 16 కిలోమీటర్లు, ఆటో 450 అడిగి 400కి వచ్చాడు. భాష బెంగ అక్కర్లేదు. బరంపురం బజార్లో తెలుగు నడుస్తుంది, గోపాలపూర్ జాలారుల ఇళ్లలో మాట్లాడేదే తెలుగు.

లాడ్జి పేరు రాయను. ఫోన్లో ‘ఇరవై నాలుగు గంటలూ మంచినీళ్లు, వేడినీళ్లు’ అన్నారు. కుళాయి తిప్పితే ఉప్పు బోరు నీళ్లు వచ్చాయి. గీజరు ఉదయం ఒక గంటే వేస్తారట. మిషన్ కడగడానికి బకెట్ అడిగితే ‘ఇసుక క్లీనింగ్’ పేరుతో 300 కట్టించుకున్నారు. ఇవన్నీ మర్చిపోవచ్చు. ‘ఇక్కడ సముద్రం ఏం చెయ్యదు సార్, అందరూ దిగుతారు’ అని కౌంటర్‌లో కూర్చుని చెప్పిన మాట మాత్రం క్షమించలేం.

గోపాలపూర్ ఒడ్డు బాగా ఏటవాలు. చదునైన తీరంలో కెరటం దూరాన్నుంచి కొంచెం కొంచెంగా విరుగుతూ వస్తుంది. ఇక్కడ ఒడ్డు దాకా నిండుగా వచ్చి ఒక్కసారిగా మీద పడుతుంది. పడిన నీరు అంతే జోరుగా వెనక్కి జారుతూ పాదాల కింది ఇసుకను తోడేస్తుంది. ఆ ఏటవాలు అడుగున, కెరటం విరిగే చోట, ఒడ్డు పొడుగునా ఒక గాడి ఉంటుంది. ఉంగరం, గొలుసు, రూపాయి బిళ్ల లాంటి బరువైనవాటిని వెనక్కి జారే నీరు తీసుకెళ్లి అందులోనే వదులుతుంది. బంగారం దొరికేదీ మనిషి పడిపోయేదీ ఆ గాడిలోనే. ఈత వచ్చినవాళ్లూ అక్కడ దెబ్బతినేది ఎందుకంటే, చెవుల్లో మిషన్ మోత, చూపు నీళ్లలో, ఒక చేతికి డిటెక్టర్, ఇంకో చేతికి జల్లెడ పార.

అందుకే దిగే వేళ ముందే లెక్క కట్టుకోవాలి. ఆటు, అంటే సముద్రం వెనక్కి తీయడం, పూర్తయ్యే సమయానికి గంట ముందు మొదలుపెట్టి, ఆ తర్వాత గంటకు బయటికి వచ్చేయాలి. ఆ వేళ రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. నిన్న 7కి దిగాం కదా అని ఇవాళా 7కే దిగితే లెక్క తప్పుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు ఎక్కువ వెనక్కి తీస్తుంది, గాడి బాగా బయటపడుతుంది. కానీ తిరిగి వచ్చే నీరూ అంతే తొందరగా వస్తుంది. దిగబోయే ముందు ఒడ్డున పది నిమిషాలు కూర్చుని పెద్ద కెరటాలు ఎంతసేపటికి వస్తున్నాయో చూడాలి. మనం నిలబడదలచిన చోట వాటిలో అన్నిటికన్నా పెద్దది నడుము దాటేలా ఉంటే ఆ రోజుకు పొడి ఇసుకలోనే వెతుక్కోవాలి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ పెద్ద అలల హెచ్చరికలు ఇస్తుంటుంది, ముందురోజు రాత్రి చూసుకోండి.

మొదటి సాయంత్రం ఇవేవీ పాటించలేదు. మోకాలి లోతులో నడుస్తున్న స్నేహితుడు టేకు చేప మీద కాలు వేశాడు. దాని తోకలోని విషపు ముల్లు మడమ పక్కన దిగింది. ఆ విషానికి మొదటి మందు వేడినీళ్లు. ఓర్చుకోగలిగినంత వేడి, 45 డిగ్రీల దరిదాపుల్లో, అరగంట నుంచి గంటన్నర దాకా కాలు ముంచి ఉంచాలి. గాయమైన కాలికి వేడి సరిగా తెలియదు కాబట్టి ముందు బాగున్న కాలితో చూసుకోవాలి, లేకపోతే చర్మం ఉడికిపోతుంది. లాడ్జిలో వేడినీళ్లు అడిగితే ‘గీజరు టైం అయిపోయింది’ అన్నారు. రోడ్డవతల టీ కొట్టు అక్క పాల గిన్నె దించేసి, డేక్షాతో నీళ్లు కాచి, గంటసేపు మార్చి మార్చి పోసింది. తాగిన మూడు టీలకు 30 రూపాయలు తీసుకుంది, నీళ్లకు పైసా ముట్టలేదు. నొప్పి తగ్గాక బరంపురం ఎంకేసీజీ ఆసుపత్రికి వెళ్లి, ముల్లు ముక్క లోపల మిగిలిందేమో చూపించుకుని, ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించుకోవడం జరిగింది. ముల్లు పొట్టలోనో ఛాతీలోనో దిగితే లాగకూడదు, వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి. ఈ చేప ముల్లు తప్పించుకోవడం చాలా తేలిక. నీళ్లలో పాదం ఎత్తి వెయ్యకుండా ఇసుక మీద ఈడ్చుకుంటూ నడిస్తే అది ముందే పక్కకు పోతుంది.

ముసలాయన్ని చూపించిందీ ఆ అక్కే. తాత మిషన్ వైపు చూడలేదు, సముద్రం వైపే చూశాడు. ‘దానికి వీపు చూపించకండి బావూ’ అన్నది ఆయన మొదటి మాట. రెండో మాట నీటి రంగు గురించి. కెరటాలు వరసగా విరుగుతున్నప్పుడు మధ్యలో ఒక చోట విరగకుండా, నల్లగా, నురగ లోనికి పోతూ కనిపిస్తే నీరు లోపలికి లాగుతోందని అర్థం. ప్రశాంతంగా కనిపించేది అదే, కొత్తవాళ్లు దిగేదీ అక్కడే. చిక్కుకుంటే ఒడ్డు వైపు ఈదకూడదు. మిషన్ వదిలేసి, తేలుతూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు జరిగి, కెరటాలు విరిగే చోటికి వచ్చాక వాటితో పాటు బయటికి రావాలి.

ఆయన పక్కన ఉంచిన సరంజామాకు 340 అయింది. 20 మీటర్ల నైలాన్ తాడు, దాని కొసన 5 లీటర్ల ఖాళీ నూనె డబ్బా. గాలికి కొట్టుకుపోకుండా విసరడానికి వీలుగా డబ్బాలో రెండు గ్లాసుల నీళ్లు పోసి మూత బిగించాలి. తాత ఈల ఒకసారి వేస్తే పెద్ద కెరటం వస్తోందని, మూడుసార్లు వేస్తే బయటికి రమ్మని. పార మీద కాలు వేసి వంగే క్షణంలోనే మనిషి పడతాడు. అందుకే ముందు సముద్రం చూసి, తర్వాత వంగి, కెరటం వస్తే పక్కకు తిరిగి మోకాళ్లు కొంచెం వంచి నిలబడాలి. కాలికి ముల్లు దిగిన స్నేహితుడు రెండో రోజంతా ముఖం ముడుచుకుని ఇసుకలో కూర్చున్నాడు. మూడో రోజుకు తాత పక్కన చేరి కెరటాలు లెక్కపెడుతున్నాడు.

సామాన్ల సంగతి. ఒకే ఫ్రీక్వెన్సీ మిషన్లు ఉప్పునీళ్లలో ఊరికే మోగుతాయి. ఆ దొంగ మోతల వెంటే మనుషులు లోతుకు పోతారు. మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ లాంటి బహుళ ఫ్రీక్వెన్సీ మిషన్ తీసుకుని, సెన్సిటివిటీ తగ్గించి వాడాలి. మిషన్ అడుగున ఉండే చక్రం, అంటే కాయిల్, 11 అంగుళాలదైతే గాలి గొడుగును లాగినట్టు కెరటం లాగేస్తుంది, నురగలో 6 అంగుళాలదే మేలు. ఈక్వినాక్స్ 800 మూడు మీటర్ల లోతుకు తట్టుకుంటుంది గానీ దాంతో వచ్చే హెడ్‌ఫోన్లు తట్టుకోవు. వైరున్నవి మెడకు చుట్టుకుంటాయి, రెండు చెవులూ మూస్తే ఈల వినపడదు. మిషన్నీ పారనూ చేతికి ముడివేసి కట్టకండి, ఒక్క లాగుడుకు ఊడివచ్చే పట్టీ చాలు. ఛాతీ దాకా వచ్చే రబ్బరు ప్యాంటులో నీళ్లు నిండితే లేవలేం, ఇక్కడ దాని జోలికే పోవద్దు. నడుము లోతుకైనా లైఫ్ జాకెట్ వేసుకోండి. మందపాటి అడుగున్న బూట్లు, గ్లోవ్స్ తప్పనిసరి. గేలాలు, గాజు ముక్కలు బోలెడు. పారలో వచ్చినదాన్ని నీళ్లు జారాక కళ్లతో చూసి గానీ చేత్తో కెలకకూడదు.

పక్కనే సైన్యం ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది, సముద్రం వైపు కాల్పుల సాధన జరుగుతుంది. ఆ పరిధిలో దిగకండి. గొట్టంలాంటి, మొన తేలిన ఇనుప వస్తువు ఎక్కడ కనిపించినా తవ్వకుండా గుర్తు పెట్టి, దూరంగా వచ్చి 112కి చెప్పాలి. ఋషికుల్య నది మొగ వైపు అసలు వద్దు. ఆటు వేళ నది నీరు సముద్రంలోకి తోసుకుపోతుంది, పైగా అది ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే చోటు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇంకా ఉంది. నేలలో దాగిన, పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. ఈమధ్య పోగొట్టుకున్న ఉంగరమని తెలుస్తుంటే పోలీసు స్టేషన్లో ఇచ్చేయండి, మేం ఇచ్చాం.

రెండో రోజు మారిన ఇల్లు లోపలి వీధిలో ఉంది. సముద్రం కనపడదు, రాత్రికి 1,100. నూతి నీళ్లు తియ్యగా ఉన్నాయి, మిషన్ ముంచి పెట్టడానికి తొట్టి అడక్కుండానే ఇచ్చారు, గ్యాస్ పొయ్యి మీద ఎప్పుడంటే అప్పుడు నీళ్లు కాచారు. వంజరం ముక్కతో భోజనం 150. నాలుగో రోజు మధ్యాహ్నం రంభ వెళ్లి చిలకా చూశాం. అక్కడ మిషన్ సంచిలోంచి తియ్యలేదు. 1981 నుంచి అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో (రాంసర్ జాబితా) ఉన్న సరస్సు అది, అడుగు కెలకకూడదు. పైగా బురదలో కాలు దిగబడుతుంది. దిగబడితే వెనక్కి వాలి, బరువు వీపు మీదకు తెచ్చుకుని, ఒక్కో కాలే మెల్లగా కదుపుతూ తీయాలి.

తాతకు మూడు ఉదయాలకు 2,100 అయింది. తెల్లవారేసరికి టీ కొట్టు దగ్గరే ఉంటాడు. వల పని ఉన్న రోజు రాడు, ఆ రోజు నీళ్లలో దిగకండి.