విజయనగరంలో వైద్యుల పటాల కోసం ఒక రోజు

విజయనగరం వెళ్లినవాళ్లు కోట, గంటస్తంభం, పైడితల్లమ్మ గుడి చూసుకుని, తీరిక ఉంటే గురజాడవారి ఇంటికీ వెళ్లి బండెక్కేస్తారు. నేను ఈసారి వెళ్లింది ఒక మెడికల్ కాలేజీ గోడల మీది పటాల కోసం. మా మేనకోడలు అక్కడ ఎంబీబీఎస్ రెండో ఏడు చదువుతోంది. ప్రిన్సిపాల్ గది బయట వసారాలో పెద్దపెద్ద వైద్యుల పటాలున్నాయని అది ఫోన్లో చెప్పినప్పటి నుంచీ చూడాలనిపించింది.

మా శ్రీకాకుళం వాళ్లు ఆమదాలవలసలో రైలెక్కడమే నయం. బస్సు నేరుగా కాంప్లెక్స్‌లో దింపుతుంది గానీ హైవే మీద లారీల రద్దీకి ఒళ్లు హూనమవుతుంది. బసకు కాంప్లెక్స్ దగ్గర ఒక లాడ్జి తీసుకున్నాను. దుప్పట్లు శుభ్రం, కుర్రాళ్లు మర్యాదస్తులు. వేడినీళ్లు మాత్రం రోజంతా వస్తాయని చెప్పి, పొద్దున్న కాసేపు ఇచ్చి ఆపేశారు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఆ సంగతి ముందే గట్టిగా అడిగి గది తీసుకోండి. టిఫిన్‌కి లాడ్జి కింది హోటలు కంటే కాలేజీ ఆసుపత్రి క్యాంటీనే నాకు నచ్చింది. ఇడ్లీ పొగలు కక్కుతూ వచ్చింది, రోగుల బంధువులకు అందే ధరే మనకూను.

ఇక వసారా. ఎడమవైపు చరకుడు, సుశ్రుతుడు, హిప్పోక్రటీస్, రొనాల్డ్ రాస్, పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్. మొదటి ముగ్గురివీ చిత్రకారుల ఊహలే, వాళ్ల ముఖాలు చూసి గీసినవాళ్లెవరూ లేరు. రాస్ పటం దగ్గర కాసేపు ఆగాను. మలేరియా క్రిమిని దోమ కడుపులో ఆయన చూసింది 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాదులో. నోబెల్ వచ్చింది 1902లో. పార్వతీపురం వైపు ఏజెన్సీలో చలిజ్వరం ఎన్ని ఇళ్లను గుల్ల చేసిందో ఎరిగినవాళ్లకు ఆ ముఖం పరాయిది కాదు.

వరుస చివర, మెట్ల మలుపులో ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. మిగతావన్నీ అచ్చువేసిన బొమ్మలు, ఇదొక్కటే చేత్తో వేసిన తైలవర్ణ చిత్రం. కోటు మడత దగ్గర కుంచె గీతలు తెలుస్తున్నాయి. కిటికీ ఎండ నేరుగా పడి టై రంగు సగం వెలిసిపోయింది. ఫ్రేము కింద అంచున చెమ్మ దిగి కాన్వాసు చిన్నగా ఉబ్బింది. కింద ఇత్తడి రేకు మీద పేరు, 1895–1948 అన్న సంవత్సరాలు, అంతే.

"మావయ్యా, పోయినేడు బయోకెమిస్ట్రీ ల్యాబులో ఫాస్ఫరస్ కొలిచాం. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అంటే ఈయనదేనని మాలో సగం మందికి తెలీదు," అంది మా మేనకోడలు.

ఆ మాట నాకు మనసులో గుచ్చుకుంది. భీమవరంలో పుట్టిన మనిషి. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు సర్జరీ ప్రొఫెసరు కోపానికి గురై, ఎంబీబీఎస్‌కు బదులు అంతకంటే చిన్న పట్టా ఎల్.ఎం.ఎస్.తో బయటపడ్డాడు. అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో చదువుకుంటూ ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేశాడు. అక్కడి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి, కణాలకు శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థాన్ని కండరాల్లోంచి వెలికితీశాడు. తర్వాత లెడర్లీ అనే మందుల కంపెనీలో ఆయన నడిపిన బృందాల నుంచే ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్, ఫోలిక్ ఆమ్లం (ఒక బి విటమిన్) తయారీ, బోదకాలు మందు వచ్చాయి.

ఆ బోదకాలు మందు దగ్గరే నేను నిలబడిపోయాను. మా నాయనమ్మ కాలు ఏనుగు కాలులా ఉండేది. రెండు జిల్లాల తీరం పొడుగునా అలాంటి కాళ్లు చూస్తూనే పెరిగాం. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి కళ్లముందే మింగమనే డీఈసీ మాత్ర ఆయన బృందం 1947లో లోకానికిచ్చినదే. వాచిన కాలును అది వెనక్కి తేలేదు గానీ, రక్తంలో తిరిగే పిల్లక్రిముల్ని చంపి, దోమ ద్వారా ఇంకొకరికి అంటకుండా చేస్తుంది. ఆ మాత్ర తీసుకుని చాటుగా పారేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఈ పటం కింద తెలుగులో ఆ సంగతి రాసి ఉంటే, ఓపీకి వచ్చిన మనిషి ఒక్కడైనా చదివి మింగుతాడు కదా!

కుడివైపు ప్రిన్సిపాళ్ల ఫొటోలు. కాలేజీ పాతది కాదు కాబట్టి వరుస చిన్నదే. పేర్లు, పనిచేసిన కాలం తేటగా రాశారు. మా ప్రాంతపు తొలితరం ఆసుపత్రుల్లో పనిచేసిన డాక్టర్లు, నర్సులు, మంత్రసానుల ఫొటోలు ఒక్కటీ లేవు. ఆడవాళ్ల కోసం పెట్టిన ఘోషాసుపత్రి ఉన్న ఊళ్లో ఇది పెద్ద వెలితి.

మధ్యాహ్నం సంగీత కళాశాలకు వెళ్లాను. 1919లో మొదలైన ఆ బడికి ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి ప్రిన్సిపాలు, తర్వాత 1936లో ద్వారం వెంకటస్వామినాయుడుగారు. గేటు దగ్గర టీ కొట్టాయన కూడా వాళ్ల గురించి గడగడా చెప్పేస్తాడు. గురువుల్ని అంతగా గుర్తుపెట్టుకున్న ఊరికి వైద్యుల్ని గుర్తుపెట్టుకోవడం కష్టమా?

సాయంత్రం మా మేనకోడలూ నేనూ కూర్చుని సుబ్బారావుగారి గురించి ఆరు వాక్యాలు తెలుగులో రాసి, పటాన్ని ఎండ పడని గోడకు మార్చమని ఒక అర్జీతో కలిపి ఆఫీసులో ఇచ్చాం. అక్కడి గుమస్తాగారు చదివి, "రేకు ఖర్చు మేమే పెట్టుకుంటాం బాబూ, అక్షరాలు పెద్దవిగా వేయిస్తాం," అన్నారు.

వెళ్లాలనుకునేవాళ్లు ఆదివారం వద్దు, ఆఫీసు మూసి ఉంటుంది. ముందు అనుమతి అడగండి. వార్డుల వైపు ఫోన్ తీసి ఫొటోలు తీయొద్దు. ఇంకా వెనకటి చరిత్ర కావాలంటే విశాఖ దగ్గరే. అక్కడి మెడికల్ కాలేజీ 1923లో మొదలైంది, ఆంధ్రా మెడికల్ కాలేజీ అన్న పేరు 1940లో వచ్చింది. పొద్దున్నే బయల్దేరితే రెండూ ఒకే ప్రయాణంలో కలుస్తాయి.