మూడేళ్లు వాడిన కొల్హాపురి చెప్పులు: ఏది నిలిచింది, ఏది అరిగింది

వానాకాలం మినహా మూడేళ్లు రోజూ తొడిగిన జత ఇది. కింది అట్టా పై అట్టా గేదె తోలు. పైపట్టీ, దాని మీది సన్నని జడ మేక తోలు. ఎక్కడా మేకు లేదు, కుట్లన్నీ తోలు దారంతోనే.

గేదె తోలు మందం, అందుకే అడుగుకు వాడతారు. మేక తోలు పలచనైనా నార బిగువుగా ఉంటుంది, జడ అల్లినా తెగదు. అట్ట మీద గీతలో చిన్న గుంటలో కనిపిస్తే లోపమనుకోవద్దు. గేదెకు కొమ్ము గీసుకున్నచోట, పిడుదులు పట్టినచోట అలాగే ఉంటుంది. ఒక్క మచ్చ కూడా లేకుండా మెరిసే అట్టనే నేను అనుమానిస్తాను, మందంగా రంగు పూసి ఉండొచ్చు.

సున్నపు నీటిలో నానబెట్టి వెంట్రుకలు తీసిన తోలును సంచిలా కుట్టి, లోపల తుమ్మ చెక్క (బెరడు), కరక్కాయ, నీళ్లు నింపి వేలాడదీయడం తోలు కుళ్లకుండా పదును చేసే పాత పద్ధతి. ఆ వగరు నీరు నారలోకి ఇంకడానికి వారాలు పడుతుంది. కొనేటప్పుడు కోత అంచు చూడండి: చెక్కతో పదును చేసిన తోలు లోపలిదాకా గోధుమ రంగులో ఉంటుంది, క్రోమియం లవణాలతో పదును చేసిన క్రోమ్ తోలు మధ్యలో తరచు నీలి బూడిద రంగు కనిపిస్తుంది. ఇంకోమాట, 2019లో కొల్హాపురి పేరుకు వచ్చిన భౌగోళిక గుర్తింపు (జీఐ) మహారాష్ట్రలో నాలుగు జిల్లాలకూ కర్ణాటకలో నాలుగు జిల్లాలకూ ఉంది. బెళగావి జిల్లా అథణిలో కుట్టిన జతను నకిలీ అనడం అన్యాయం.

మొదటి వారం కరుస్తాయి. కరిచేది బొటనవేలి ఉంగరం, పక్కల పైపట్టీని అట్టకు కలిపే రెండు చెవులు. రాత్రిపూట ఆ మూడుచోట్లా లోపలివైపు ఆముదం రెండేసి చుక్కలు వేలితో రుద్దాలి. అట్టకు మాత్రం నూనె తగలనివ్వకూడదు, మెత్తబడి పొరలు విడిపోతాయి. తొలిరోజు అరగంట చాలు. పదోరోజుకల్లా పాదం ఆకారం పడుతుంది. కొంచెం బిగువుగా ఉన్న సైజే తీసుకోండి. మొదట్లోనే వదులైతే తోలు సాగాక ఉంగరం నిలవదు.

వీటికి అసలు శత్రువు నీళ్లు. తడిస్తే వగరు కారి పాదానికి రంగు అంటుతుంది. ఎండలో పెడితే అట్ట వంకరపోయి పగులుతుంది. నీడలో, అడుగు పైకి తిప్పి, ఫ్యాను గాలికి రెండు రోజులు ఉంచాలి. తడి జతను ఇనుప స్టాండు మీద పెడితే తోలులోని వగరు ఇనుముతో కలిసి నల్లమచ్చలు పడతాయి, ఇక పోవు. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన బట్ట మీద కసిమి (ఇనుము నానబెట్టిన పులి నీరు) గీత నల్లబడేదీ ఇందుకే. మరమ్మతుకు మేకులు వద్దనేదీ ఇందుకే.

ముందు అరిగింది మడమ బయటి అంచు. పద్నాలుగో నెలలో అక్కడి తోలు దారం నేలకు రాసుకుని తెగింది. 3 మి.మీ. రబ్బరు అంటించి, అంచు చుట్టూ మైనపు దారంతో కుట్టిస్తే ఆగింది. కిర్రు చప్పుడు తగ్గింది, కాస్త బరువెక్కింది, కానీ గ్రానైట్ మీద జారడం పోయింది. కొత్త జతకైతే నెలలోపే ఈ పని చేయిస్తే కుట్లు దక్కుతాయి. జడ, ఉంగరం ఇప్పటికీ మొదటివే.

ఆగస్టులో బూజు పట్టింది. పొడి బట్టతో ఆరుబయట తుడిచి, సగం నీళ్లు కలిపిన వెనిగర్ అద్ది ఆరబెడితే పోయింది. ప్లాస్టిక్ సంచిలో కాకుండా పాత నూలు గుడ్డలో చుట్టి పెట్టిన మరుసటి ఏడాది మళ్లీ రాలేదు.