6 నెలలు దాటితే చెక్కు చెల్లదనుకున్నాను, 2,350 డాలర్లు రెండుసార్లు కట్టాను

అమెరికాలో ఇంటి పనులు చేయించుకుని పర్సనల్ చెక్కు రాసిచ్చేవాళ్ళు ఇది ఒకసారి చదవండి. నన్నెవరో మోసం చేశారని రాయట్లేదు. అతను మోసగాడు కాదు, పని కూడా చక్కగా చేశాడు. చేతికొచ్చిన చెక్కు బ్యాంకులో వేయడానికి బద్ధకించే మనిషి, అంతే. ఆ బద్ధకానికి నా తెలివితక్కువతనం తోడైంది.

పోయినేడు మార్చిలో బ్యాక్‌యార్డ్‌కి చెక్క ఫెన్స్ వేయించాం. చిన్న కాంట్రాక్టరు, ఒక ట్రక్కు, ఇద్దరు హెల్పర్లు. మొత్తం 4,700 డాలర్లు, సగం ముందు, సగం పనయ్యాక. కార్డు తీసుకోడు, చెక్కయితే ఓకే అన్నాడు. మొదటి చెక్కు రెండ్రోజుల్లో క్లియర్ అయిపోయింది, అప్పుడు కలప కొనాలి కదా, అవసరం అతనిది. రెండోది ఏప్రిల్ 6న చేతికిచ్చాను. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దోపుకున్నాడు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

ఏప్రిల్ అయింది, మే అయింది, చెక్కు పడలేదు. టెక్స్ట్ చేస్తే ఈ వారం వేస్తానంటాడు. మళ్ళీ అడిగితే, ట్రక్కులోనే ఉంది, మర్చిపోయానంటాడు. డబ్బు పుచ్చుకోమని మనమే వెంటపడి బతిమాలడం ఎంత చిరాకో పడ్డవాళ్ళకే తెలుస్తుంది. ఫ్రెండ్స్ మాత్రం నవ్వారు, వేయకపోతే నీకే లాభం, ఊరుకోవయ్యా అని. లాభం ఏమీ లేదు. చెక్కు వేయనంత మాత్రాన బాకీ తీరిపోదు, డబ్బు అందేదాకా బాకీ బాకీయే. పైగా ఇంటి మీద చేసిన పనికి డబ్బు ముట్టకపోతే కాంట్రాక్టరు ఇంటి మీద లీన్ (బాకీ కింద ఇంటి మీద చట్టపరమైన హక్కు) వేయగలడు. యాప్‌లో కనిపించే బ్యాలెన్స్‌లో ఆ 2,350 మనదిలా కనిపిస్తూనే ఉంటుంది, కానీ ముట్టుకోకూడదు. నెలనెలా ఆ అంకె మనసులో తీసేసి లెక్క వేసుకోవడమే ఒక టెన్షన్.

ఆగస్టులో అతనే ఫోన్ చేశాడు, చెక్కు ఎక్కడో పోయింది, ఇంకోటి రాసివ్వండి అని. సరే, ఇక్కడ నేను జాగ్రత్తగానే ఉన్నాననుకున్నాను. ఆగస్టు 20న పాత చెక్కుకి స్టాప్ పేమెంట్ పెట్టాను, అంటే అది వస్తే డబ్బివ్వొద్దని బ్యాంకుకి చెప్పాను, 30 డాలర్లు తీసుకున్నారు. అదయ్యాకే కొత్తది రాసిచ్చాను. అప్పటికి మొహమాటం పోయింది కాబట్టి, దగ్గర నిలబడి, బ్యాంకు యాప్‌లో చెక్కు ఫొటో తీయించి ఫోన్‌లోనే డిపాజిట్ చేయించాను. మూడ్రోజుల్లో క్లియర్ అయింది. ఫెన్స్ కథ ముగిసిందనుకుని మర్చిపోయాను.

ఈ ఏడాది మార్చి 3న పాత చెక్కు పడింది. ట్రక్కు అమ్మేద్దామని శుభ్రం చేస్తుంటే సీటు కింద దొరికిందట, అతని భార్య మిగతా చెక్కులతో పాటు దాన్నీ వేసేసింది. ఆమెకి రెండో చెక్కు సంగతి తెలియదు. 11 నెలల నాటి చెక్కు, స్టాప్ పెట్టిన చెక్కు, నిక్షేపంలా పాసైపోయింది! నాకు తెలిసింది మార్చి 5న, ఇంటి లోను ఆటోపే డబ్బుల్లేక వెనక్కి వెళ్ళి, లోను కంపెనీ 25 డాలర్లు ఫీజు వేశాక.

బ్యాంకుకి ఫోన్ చేసి గట్టిగానే మాట్లాడాను. అవతలి అమ్మాయి ఓపిగ్గా విని రెండు ముక్కలు చెప్పింది. ఒకటి, స్టాప్ పేమెంట్ 6 నెలలే పనిచేస్తుంది, మీది ఫిబ్రవరి 20తో అయిపోయింది, మీరు రెన్యూ చేయలేదు. రెండు, పాత చెక్కుని ఆపాలన్న రూలు మాకు లేదు. 11 రోజుల తేడాలో 2,350 డాలర్లు!

మొదటి ముక్క నా తప్పే. స్టాప్ పెట్టినప్పుడు వచ్చిన కన్ఫర్మేషన్‌లో ఆ 6 నెలల సంగతి ఉంది, చదవలేదు. రెండోది విన్నప్పుడు మాత్రం నమ్మలేదు. ఇండియాలో చెక్కు గడువు 3 నెలలు కదా, 2012 ఏప్రిల్ 1 నుంచి రిజర్వ్ బ్యాంకు అలా చేసింది, అంతకుముందు 6 నెలలు ఉండేది. గడువు దాటిన చెక్కు తీసుకెళ్తే కౌంటర్లోనే వెనక్కిచ్చేస్తారు. ఇక్కడ కూడా 6 నెలలు అనే మాట చాలాసార్లు విన్నాను, అదే పద్ధతి అనుకున్నాను. కాదు. ఇక్కడి రాష్ట్రాలు పాటించే యూనిఫాం కమర్షియల్ కోడ్‌లో సెక్షన్ 4-404 చూడండి. 6 నెలలు దాటిన మామూలు చెక్కుకి డబ్బివ్వాల్సిన బాధ్యత బ్యాంకుకి లేదు అంటుంది, అదే వాక్యంలో, సదుద్దేశంతో ఇస్తే మన ఖాతాలోంచి తీసుకోవచ్చు అని కూడా అంటుంది. అంటే ఆ 6 నెలలు బ్యాంకు ఇష్టం. మనకి దక్కే రక్షణ కాదు. దీని మీద మనవాళ్ళలో చాలామందికి నాలాంటి అపోహే ఉంది, అడిగి చూశాను.

ఇంత పాత తేదీ ఎవరూ చూడలేదా అని మీకూ అనిపించవచ్చు. చూడరు. చెక్కు అడుగున అయస్కాంత సిరాతో అచ్చేసిన అంకెలు ఉంటాయి చూడండి, బ్యాంకు రూటింగ్ నంబరు, మన అకౌంట్ నంబరు, చెక్కు నంబరు, మెషీన్ చదివేది వాటిని. తేదీ అందులో లేదు, అది మనం పెన్నుతో గీకింది. 2004 అక్టోబరు 28న చెక్ 21 చట్టం అమల్లోకి వచ్చాక అసలు కాగితమే మన బ్యాంకుదాకా రానక్కర్లేదు, చెక్కు ఫొటో చాలు. కాబట్టి రాబోయే తేదీ వేసి ఇస్తే ఆ రోజుదాకా ఆగుతుందన్న నమ్మకం కూడా పెట్టుకోకండి. బ్యాంకుకి మనం విడిగా చెప్పి ఉంచితే తప్ప, తేదీ రాకముందే పాస్ చేసినా తప్పు వాళ్ళది కాదు. 90 రోజుల తర్వాత చెల్లదు అని చెక్కు మీద రాసేవాళ్ళున్నారు, వేయాల్సినవాడిని తొందరపెట్టడానికి పనికొస్తుందేమో, మెషీన్ దాన్నీ చదవదు.

స్టాప్ పేమెంట్ గురించి ఇంకో రెండు మాటలు, ఎందుకంటే నేను మునిగింది అక్కడే. ఫోన్లో నోటిమాటగా చెప్తే అది 14 రోజులకే పోతుంది, రాతపూర్వకంగా కన్ఫర్మ్ చేస్తేనే 6 నెలలు. తర్వాత మళ్ళీ 6 నెలలకు రెన్యూ చేసుకోవచ్చు, కాకపోతే నా బ్యాంకులాంటివి ప్రతిసారీ ఫీజు లాగుతాయి. చెక్కు నంబరు, అమౌంట్ సరిగ్గా చెప్పాలి, ఒక అంకె తేడా ఉన్నా మెషీన్ పట్టుకోకపోవచ్చు. ఇది మన బ్యాంకుకి మనం ఇచ్చే ఆర్డరు మాత్రమే, బాకీని రద్దు చేయదు. ఇంకో తిరకాసు: అతను ఆ చెక్కుని డబ్బులిచ్చే దుకాణంలో మార్చేసుకుని ఉంటే, సంగతి తెలియక డబ్బిచ్చిన ఆ దుకాణంవాడు స్టాప్ ఉన్నా సరే మన మీదికి రావచ్చు. ఫోన్‌లో డిపాజిట్ చేసిన చెక్కు కాగితం ఇంకా చేతిలోనే ఉంటుంది కాబట్టి ఒకే చెక్కు రెండుసార్లు పడే గొడవలు కూడా ఇలాగే వస్తాయి, చాలావరకు మతిమరుపు వల్లే.

ఇప్పుడు నేనేం చేస్తున్నానంటే, పెద్ద మొత్తమైతే పర్సనల్ చెక్కు ఇవ్వడమే మానేశాను. బ్యాంకే తన పేరు మీద రాసిచ్చే క్యాషియర్స్ చెక్కు తీసుకుంటే డబ్బు మన ఖాతాలోంచి ఆ రోజే వెళ్ళిపోతుంది, అవతలివాడు ఎన్నాళ్ళు దాచుకున్నా మన బ్యాలెన్స్ మనల్ని మోసం చేయదు (అది పోతే మాత్రం మళ్ళీ తీసుకోవడం పెద్ద తలనొప్పి, అదీ గుర్తుంచుకోండి). తప్పనిసరై మామూలు చెక్కు ఇస్తే ఫొటో తీసుకుంటాను, క్లియర్ అయ్యేదాకా ఆ డబ్బు వేరే సేవింగ్స్‌లోకి మార్చను, రెండు వారాల్లో పడకపోతే టెక్స్ట్ పెడతాను. ఫోన్ కాదు, టెక్స్ట్. పోయిందన్నవాడికి రెండోది రాసే ముందు, పాతది దొరికితే వేయనని, వేస్తే డబ్బు తిరిగిస్తానని రాయించుకోండి. మొహమాటంగా ఉంటుంది, నాకూ ఉండేది. నా దగ్గర అలాంటిదేమీ లేదు, రెండు చెక్కుల ఫొటోలూ, పోయింది అని ఆగస్టులో అతను పెట్టిన ఒక్క మెసేజ్ తప్ప. బ్యాంకు చేతులెత్తేశాక ఆ మెసేజే పనికొచ్చింది, అతను కాదనలేకపోయాడు.

బాకీ ఉండగా అకౌంట్ మూసేస్తే సరిపోతుందని ఒకాయన సలహా ఇచ్చాడు. దయచేసి ఆ పని చేయకండి. చెక్కు తిరిగొస్తే పోయేది మీ పేరే.

డబ్బు వెనక్కి ఇవ్వడానికి రెండు నెలలు పట్టింది అతనికి. ఇవ్వనని ఒక్కసారి కూడా అనలేదు, ఈ వారం ఇస్తానంటాడు, పాత పాటే. చివరికి మే నెలలో ఒక ఆదివారం ఇంటికొచ్చి, సారీ చెప్పి, జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసిచ్చాడు. పర్సనల్ చెక్కు! అతని కొత్త ట్రక్కు మా వీధి మలుపు తిరిగేలోపే ఫోన్‌లో డిపాజిట్ చేసేశాను. కాగితం మీద డిపాజిట్ చేసిన తేదీ వేసి డ్రాయర్‌లో పెట్టాను, క్లియర్ అయ్యాక మా ఆవిడ చూస్తుండగా ముక్కలు ముక్కలుగా చింపాను.