రూట్ నిండితే ఊడ్చాలా, పెంచాలా, తరలించాలా: ఏది మేలు?

బెంగళూరులో మన తెలుగువాళ్ల చేతుల్లో ఉండే లైనక్స్ మిషన్లు ఎక్కువగా రెండు రకాలు. మారతహళ్లి పీజీలో విండోస్ పక్కనే 30 జీబీ ఇచ్చి ఉబుంటు ఎక్కించుకున్న ల్యాప్‌టాప్ ఒకటి, ఆఫీసులో టీమంతా వాడే ఉబుంటు సర్వర్ ఇంకొకటి. రూట్ (సిస్టమ్, ప్రోగ్రాములు ఉండే ప్రధాన డిస్క్ విభాగం) నిండితే రెండింట్లోనూ వచ్చే ఎర్రర్ ఒకటే. చేయాల్సిన పని మాత్రం వేరు.

అక్కర్లేనివి ఊడ్చినా, రూట్‌ను పెంచినా, కొంత సరుకును వేరే డిస్కుకి తరలించినా, ముందు చోటు ఏది తినేసిందో తేలాలి. డిస్క్ ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ కమాండ్ 100 శాతం అంటుంది, ఫైళ్ల సైజులు లెక్కించే డీయూతో కూడితే సగమే వస్తుంది. అప్పుడు అనుమానించాల్సింది, ఎవరో పెద్ద లాగ్ ఫైలును (ప్రోగ్రాము తన పనుల్ని నమోదు చేసే ఫైలు) ఆర్ఎం కమాండ్‌తో చెరిపారని, దాన్ని తెరిచిన ప్రాసెస్ (ప్రోగ్రాము) ఇంకా నడుస్తోందని. అది ఫైలును వదిలేదాకా కెర్నల్ (లైనక్స్ మూలభాగం) చోటు తిరిగి ఇవ్వదు. తెరిచి ఉన్న ఫైళ్లు చూపే ఎల్‌ఎస్‌ఓఎఫ్ కమాండ్‌కి +ఎల్1 ఇస్తే ఆ ప్రాసెస్ పేరు బయటపడుతుంది, సర్వీసు రీస్టార్ట్ చేస్తే సరిపోతుంది. డీఎఫ్‌లో చోటు కనిపిస్తున్నా ఫైలు రాయనివ్వకపోతే డీఎఫ్ -ఐ చూడండి, ఐనోడ్‌లు (ఒక్కో ఫైలుకి ఒకటి చొప్పున ఖర్చయ్యే నమోదులు) అయిపోయి ఉండొచ్చు.

ఊడ్చడం అన్నిటికన్నా తేలిక, ఫలితం నిలిచేది తక్కువ. ఏపీటీ క్యాష్ (డౌన్‌లోడ్ అయిన ఇన్‌స్టాల్ ఫైళ్లు), పాత కెర్నల్‌లు, స్నాప్ యాప్‌ల పాత రివిజన్లు నిశ్చింతగా తీసేయొచ్చు. జర్నల్ లాగులు (సిస్టమ్ సర్వీసుల లాగులు) మామూలుగా ఆ ఫైల్‌సిస్టమ్‌లో 10 శాతం దాకా పెరుగుతాయి, 4 జీబీ దగ్గర ఆగుతాయి. జర్నల్‌సీటీఎల్ కమాండ్‌లోని వ్యాక్యూమ్-సైజ్‌తో ఒకసారి కోసి ఊరుకోకుండా, జర్నల్ కాన్ఫిగ్‌లో సిస్టమ్‌మ్యాక్స్‌యూజ్ (గరిష్ఠ పరిమితి) తగ్గించి పెట్టండి. డాకర్ (ప్రోగ్రాముల్ని కంటైనర్లనే విడివిడి పెట్టెల్లో నడిపే సాధనం) ప్రూన్ దగ్గర మాత్రం చేయి ఆపండి: ఆపి ఉంచిన కంటైనర్లన్నీ అందులో పోతాయి, మీ పక్క సీటు వాళ్లవి కూడా.

సర్వర్‌కైతే నా ఓటు పెంచడానికే. ఉబుంటు సర్వర్‌ను ఎల్‌వీఎం (డిస్క్ విభాగాల్ని తర్వాత కూడా మార్చుకోనిచ్చే పద్ధతి) మీద మామూలు పద్ధతిలో ఇన్‌స్టాల్ చేస్తే, 20 నుంచి 200 జీబీ మధ్య ఉన్న డిస్కుల్లో రూట్‌కి సగమే ఇస్తుంది, మిగతాది ఖాళీగా వదిలేస్తుంది. చాలామందికి ఈ సంగతి తెలియక ఉన్న లాగులు చెరుపుకుంటూ కూర్చుంటారు. వీజీఎస్ కమాండ్ కొట్టి ఖాళీ ఎంతుందో చూడండి. రూట్‌ను పెంచే ఎల్‌వీఎక్స్‌టెండ్ కమాండ్‌కి -ఆర్ జోడిస్తే ఫైల్‌సిస్టమ్ కూడా అక్కడికక్కడే పెరుగుతుంది, రీబూట్ అక్కర్లేదు. మొత్తం చోటు ఒకేసారి ఇచ్చేయకండి: ఫైల్‌సిస్టమ్ ఎక్స్‌ఎఫ్‌ఎస్ రకమైతే తర్వాత తగ్గించడం కుదరదు, ఈఎక్స్‌టీ4 రకం రూట్‌ను తగ్గించాలంటే మిషన్ ఆపి లైవ్ యూఎస్‌బీతో ఎక్కాలి.

విండోస్, ఉబుంటు రెండూ ఉన్న డ్యూయల్ బూట్ ల్యాప్‌టాప్‌లో పెంచడం నేను సిఫారసు చేయను. ఖాళీ చోటు రూట్‌కి ముందువైపు ఉంటే జీపార్టెడ్ (డిస్క్ విభాగాల్ని మార్చే సాధనం) డేటా మొత్తాన్ని జరపాలి. గంటలు పట్టొచ్చు, మధ్యలో ఆగితే డేటా మీద ఆశ వదులుకోవాల్సి రావచ్చు. దానికన్నా తరలించడం మేలు. రెండో స్లాట్ ఉంటే ఎస్పీ రోడ్డులో ఒక ఎస్‌ఎస్‌డీ కొని ఈఎక్స్‌టీ4గా ఫార్మాట్ చేయండి. డాకర్ ఆపి, దాని ఫోల్డర్‌ను ఆర్‌సింక్ కమాండ్‌తో అక్కడికి కాపీ చేసి, డాకర్ డీమన్ కాన్ఫిగ్‌లో డేటా-రూట్ (డేటా ఉండే చోటు) మార్చండి. ఎఫ్‌స్టాబ్‌లో (బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్కులు జోడించాలో చెప్పే ఫైలు) డిస్క్ పేరు కాకుండా యూయూఐడీ (దాని మారని గుర్తింపు సంఖ్య) రాయండి, డిస్క్ లేకున్నా బూట్ ఆగకుండా చూసే నోఫెయిల్ కూడా కలపండి. లేదంటే ఆ డిస్క్ దొరకని రోజున ల్యాప్‌టాప్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది. కొత్త చోట కంటైనర్లు నడుస్తున్నాయని చూసుకున్నాకే పాత ఫోల్డర్ చెరపండి.